అట్ట మీద లేని పేరు

మే 28, శనివారం

ముప్పై ఒక్క ఏళ్లు రికార్డు అట్టల ప్రూఫులు దిద్దాను. ఇవాళ నా భోజనాల బల్ల దగ్గరే కూర్చుని నా మనవరాలు లూసీలా, వాళ్ల బ్యాండ్‌కి బొమ్మలు వేసే లెయాంద్రో కలిసి, అట్ట అంటే ఏమిటో నాకు పాఠం చెప్పారు.

బ్యాండ్ పేరు 'పరాయి గొడుగులు'. మొదటి రికార్డు వస్తోంది. పాతకాలపు పెద్ద నల్ల రికార్డే, మూడు వందల ప్రతులు. రికార్డులు బ్యూనస్ ఐరిస్‌లో తయారవుతాయి. అట్టలు మాత్రం ఇక్కడ మాంటెవిడియోలో అచ్చు వేయించి, చేత్తో మడిచి అంటించాలట. మడవడం నాకు వచ్చు కాబట్టి నా చేతులు కావాలి, నా బల్ల కావాలి. నా అభిప్రాయం అక్కర్లేదు.

లెయాంద్రో నమూనా పరిచాడు. ముందు వైపు నీళ్లు లేని ఈతకొలను ఫోటో. అదీ మసక.

"పేరేదీ?" అన్నాను.

"ముందు పేరుండదు, దోన్యా నెలిదా."

"వెనక?"

"వెనకా ఉండదు."

"పోనీ వీపు మీద? అలమరలో నిలబెడితే కనిపించేది అదొక్కటేగా."

"వీపు తెల్లగా వదిలేస్తున్నాం."

"మరి కొట్లో మనిషి మీది ఎలా వెతుక్కుంటాడు?"

"తెల్లగా ఉన్నది మాదేనని తెలిసిపోతుంది కదండీ."

"మీ అంత తెలివైనవాళ్లు ఇంకో పదిమంది తెల్లగా వదిలేస్తేనో?"

లూసీలా నవ్వు దాచుకోవడానికి మాతే కషాయం పీల్చే గొట్టం నోట్లో పెట్టుకుంది. "ఈ రకం సంగీతానికి ఇదే పద్ధతి అమ్మమ్మా. మొహాలు వెయ్యరు, పేర్లు వెయ్యరు. మొహం వేసుకునేవాళ్లు సరుకు అమ్ముకునేవాళ్లు."

"మీరు ఊరికే పంచిపెడుతున్నారా?"

"పైన ప్లాస్టిక్ తొడుగు మీద స్టిక్కర్ ఉంటుంది. బ్యాండ్ పేరు, రికార్డు పేరు అందులో వేస్తాం."

అంటే పేరు చింపి పారేసేదాని మీద, ఖాళీ కొలను దాచుకునేదాని మీద. పాటల మాటలు పేరాలు లేకుండా, విరుపు లేకుండా, ఆ మూల నుంచి ఈ మూలకి చీమల బారులా పోసేశారు. అన్నీ చిన్నక్షరాలే, వాక్యం మొదట్లో కూడా. పాట ఎవరు రాశారో లేదు, ఎవరు ఏం వాయించారో లేదు.

పద్నాలుగు తప్పులు లెక్కపెట్టాను. చదివి వినిపించాను కూడా. "అవి తప్పులు కావండీ, నిర్ణయాలు" అన్నాడు ఆ గడ్డం అబ్బాయి.

మే 30, సోమవారం

వెనక అట్ట మీద పాటల వరుస ఒకటి, రికార్డులో వరుస ఇంకొకటి. అడిగాను. కావాలనేనట. పదిహేను తప్పులు.

జూన్ 4, శనివారం

అచ్చయిన అట్టలు వచ్చాయి. మూడు వందల పద్దెనిమిది. పద్దెనిమిది తరుగు కింద. అచ్చు మాత్రం బాగుంది, కాదనను. నలుపు నలుపులాగే ఉంది.

మధ్యాహ్నం నుంచి ముగ్గురం మడిచాం. లెయాంద్రో మడిచిన మొదటి పదీ విప్పించాను. మడత గీత ముందు నున్నటి ఎముక బద్దతో రుద్దాలి, ఆ తర్వాతే వంచాలి. అతను వంచి రుద్దుతాడు. మూలలు చిట్లవా మరి?

"చిట్లితే అదో అందం కదండీ" అన్నాడు.

"నీ గడ్డంలా" అన్నాను.

లూసీలా పడీ పడీ నవ్వింది. వాన పట్టుకుంది. పిండి కలిపి టోర్టా ఫ్రిటాలు వేశాను. నూనె చేతులతో అట్ట ముట్టుకుంటే వేళ్లు విరగ్గొడతానని ముందే చెప్పాను. నూట నలభై రెండు అయ్యాయి. ఇవాళ పని బాగా సాగింది. ఇంట్లో ఇన్ని మాటలు వినిపించి చాలా కాలమైంది.

జూన్ 11, శనివారం

బ్యూనస్ ఐరిస్ నుంచి మొదటి ప్రతి వచ్చింది, విని చూసుకోవడానికి. నా పాత ప్లేయర్ మీద పెట్టారు. మొదటి వైపంతా పళ్ల డాక్టరు దగ్గర పళ్లు గీకించుకున్నట్టుంది. రెండో వైపు మూడో పాట.

"మా ఇంట్లో వాన కూడా తలుపు తట్టి లోపలికొస్తుంది."

నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. కత్తి ఆపి, మళ్లీ తరిగాను.

"ఈ పాట ఎక్కడిది?" అన్నాను.

"బాగుందా అమ్మమ్మా? త్రిస్తాన్ నర్వాహా సంతలో దొరికింది. ఆదివారం పాత క్యాసెట్లు గంపల్లో పోసి అమ్ముతారు చూడు, అందులో. ఎనభై ఎనిమిది నాటిది. మిగతా పాటలన్నిటి పక్కనా రాసినవాళ్ల పేర్లున్నాయి. దీని పక్కన మాత్రం ఖాళీ. పాడింది ఒమర్ అని ఎవరో. రాసిందెవరో తెలియదు."

"తెలియకపోతే వాడుకుంటారా?"

"మా అట్ట మీద ఎవరి పేరూ లేదు కదండీ, ఇంక గొడవెక్కడ?" అన్నాడు లెయాంద్రో. ఎంత తేలిగ్గా అన్నాడో.

అదండీ వీళ్ల పద్ధతి. మనిషి పేరు లేకుండా చేస్తే గొడవే ఉండదు. ఒకరు కష్టపడి రాస్తారు, ఇంకొకరు ఏరుకొచ్చి పాడుకుంటారు, అట్ట మీద ఖాళీ కొలను వేసి అందం అంటారు. మా అచ్చు కార్ఖానాలో గిటారు తీగ బిగించిన కుర్రాడి పేరు కూడా వేసేవాళ్లం. ఒక్క అక్షరం పోతే పని ఆపేదాన్ని.

ఆ పాట ఇవోన్‌ది. నా కూతురిది. లూసీలా తల్లిది.

ఇద్దరికీ చెప్పలేదు. ఉల్లిపాయలు తరగడం అయ్యేసరికి వాళ్లు వెళ్లిపోయారు.

జూన్ 12, ఆదివారం

రావియోలీ వడ్డించాక చెప్పాను.

లూసీలా ఫోర్కు కింద పెట్టేసింది. "మా అమ్మ పాటలు రాసేదా?"

"రాసేది."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వెప్పుడూ అడగలేదు."

"ఎనిమిదేళ్ల పిల్లకి ఏం తెలుసు అమ్మమ్మా అడగడానికి? అమ్మ పోయి పదిహేనేళ్లయింది. పదిహేనేళ్లు నువ్వూ నేనూ ఈ బల్ల దగ్గరే తిన్నాం." తర్వాత కాసేపు ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. సంతలో వంద క్యాసెట్లుంటే తన చేయి దాని మీదే పడిందని. ఆ తర్వాత అడిగింది, "అయితే అమ్మ పేరెందుకు లేదు?"

"అచ్చుతప్పు" అన్నాను.

అచ్చుతప్పులు జరుగుతాయి. ఎవరికి తెలియదు.

జూన్ 14, మంగళవారం

లెయాంద్రోని పిలిపించాను. ఇవోన్ పేరు వెయ్యాలి, అది కూడా ముందు వైపు అన్నాను. లూసీలా నా పక్కనే నిలబడింది. అతను తల గోక్కున్నాడు. అట్టలు అచ్చయిపోయాయి, డబ్బు అయిపోయింది, వచ్చే నెల పదిహేనో తారీఖున కచేరీకి కోర్దోన్ పేటలో క్లబ్బు మాట్లాడుకున్నారు. రెండో ముద్రణలో చూద్దామన్నాడు. మూడు వందలు అమ్మలేనివాడు రెండో ముద్రణ గురించి మాట్లాడుతున్నాడు.

"లేదంటే ఇంకో దారి ఉందండీ. వచ్చేసారి రికార్డు మీదే, పాటలయ్యాక మిగిలే నున్నటి చోట సూదితో గీకిస్తాం. అందరూ అలా ఏదో ఒక రహస్య వాక్యం గీకిస్తారు. దీపం కింద ఏటవాలుగా పెట్టి చూస్తే కనిపిస్తుంది."

"నా కూతురి పేరు దీపం పెట్టి వెతుక్కోవాలా?"

అతను నోరు మూసుకున్నాడు. నేను మూసుకోలేదు. పేరు తీసెయ్యడం మీకు ఆట, తీసేసినవాడికి చేతులెలా వచ్చాయో నాకు అర్థం కాదు, దొంగకీ మీకూ తేడా దొంగకి సిగ్గుంటుంది, అన్నాను. ఇంకా చాలా అన్నాను. లూసీలా నా భుజం మీద చెయ్యి వేసింది.

నేనన్నదాంట్లో ఒక్క మాట కూడా తప్పు లేదు.

జూన్ 16, గురువారం

అచ్చుతప్పే.

జూన్ 19, ఆదివారం

లూసీలా ఆ క్యాసెట్ మీద పేరు పట్టుకుని ఒమర్‌ని వెతికి పట్టుకుంది. రివేరా వీధిలో తాళాల కొట్టు నడుపుతున్నాడట. మంగళవారం వెళ్లి మాట్లాడుతుందట, అమ్మ గురించి అన్నీ అడుగుతుందట. కొత్త నోటు పుస్తకం కొనుక్కుంది.

వెళ్లొద్దని చెప్పడానికి కారణం దొరకలేదు. చలి అన్నాను. కోటు వేసుకుంటానంది.

జూన్ 21, మంగళవారం

వచ్చింది. కోటు విప్పలేదు.

"ఒమర్‌కి నువ్వు బాగా గుర్తున్నావు" అంది. "క్యాసెట్ కాగితం మీ కార్ఖానాలోనే వేయించారటగా. దిద్దింది నువ్వేనట."

"నేను చాలా దిద్దాను."

"అమ్మ పేరు మీద ఎర్ర పెన్సిల్‌తో రెండు గీతలు. పాట పక్కన ఒకటి, వాయించినవాళ్ల వరుసలో ఒకటి. ఆ ప్రూఫు ఒమర్ దాచుకున్నాడు అమ్మమ్మా. చూపించాడు."

"ఆ రోజులు నీకు తెలియవు. ఎక్కడ పాటలుంటే అక్కడికి పోలీసు వ్యాన్లు వచ్చేవి. గిటారు కనపడితే చాలు, ఎక్కించుకుపోయేవాళ్లు. దాన్ని కాపాడటానికే..."

"మిగతా ముగ్గురి పేర్లూ ఉంచావుగా. వాళ్లని ఎక్కించుకుపోయినా పర్వాలేదా?"

ఇరవై ఎనిమిదేళ్లలో ఆ ప్రశ్న నాకెందుకు తట్టలేదో తెలియదు.

"లెయాంద్రోని దొంగన్నావు" అంది. "నా ముందే అన్నావు. నేను నీ పక్కన నిలబడ్డాను."

సంచిలో నాలుగు బట్టలు సర్దుకుంది. స్నేహితురాలి ఇంట్లో ఉంటుందట. తలుపు గట్టిగా వెయ్యలేదు. నెమ్మదిగా, చప్పుడు కాకుండా వేసింది. వాళ్లమ్మా అలాగే వేసేది.

జూన్ 22, బుధవారం

నైరుతి గాలి. నీటి ఒడ్డున రాంబ్లా బాట మీద నడవలేదు.

జూన్ 23, గురువారం

అట్టలు మూడు వందలూ గోడవారగా ఉన్నాయి. మడత పూర్తయింది. ఎవరూ తీసుకెళ్లడానికి రాలేదు.

జూన్ 25, శనివారం

ఉన్నదున్నట్టు ఒకసారి రాస్తాను. ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ.

ఇవోన్ ఆ కాగితం తనే తెచ్చింది, పని ముగిసే వేళ. మిగతావాళ్ల ముందు నన్ను 'అమ్మా' అని పిలిచింది. నాకది నచ్చలేదు. "నువ్వు దిద్దితే తప్పు మిగలదు" అంది. ఇరవై ఒక్క ఏళ్లు. మెడకి నాదే ఒక రుమాలు కట్టుకుంది, అడక్కుండా.

నిలబడే చదివాను. మా ఇంట్లో వాన కూడా తలుపు తట్టి లోపలికొస్తుంది. మా ఇంట్లో గడియారం దగ్గాలన్నా అనుమతి అడుగుతుంది. మా అమ్మ ముద్దు పెట్టాక తేదీ వేస్తుంది. అది నా ఇల్లు. అది నేను. దాన్ని రెండు వందల క్యాసెట్ల మీద వేసి ఊళ్లో పంచబోతోంది, కింద మా ఇంటిపేరు పెట్టి.

పోలీసుల సంగతి అప్పుడు నాకు గుర్తే లేదు. అది తర్వాత గుర్తొచ్చింది. అవసరమైనప్పుడల్లా గుర్తొచ్చింది.

పాట తీసెయ్యలేదు. అది నా పని కాదు. పేరు తీసేశాను. అక్షరాలు పేర్చే ఫిగెరేదో ఆ గీతలు చూసి నా వైపు చూశాడు. "ఖచ్చితమేనా?" అన్నాడు. ఖచ్చితమే అన్నాను.

అచ్చయిన కట్ట తీసుకోవడానికి ఇవోన్ వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఒక కాగితం తీసి చదివింది. వెనక్కి తిప్పి చదివింది. నాతో అంది, "చక్కగా దిద్దావమ్మా."

అంతే. అరవలేదు. అరిస్తే నేనూ అరిచేదాన్ని, ఇద్దరం ఏదో ఒకటి తేల్చుకునేవాళ్లం. ఆ ఏడాదే గిటారు ఎవరికో ఇచ్చేసింది. పెద్దదయింది, బుద్ధి వచ్చింది అనుకున్నాను. పదమూడేళ్లు అలాగే అనుకున్నాను. ఆ తర్వాత అనుకోవడానికి ఆమె లేదు.

ఒక్క సంగతి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. ఆ పాటలో అన్యాయం ఉంది. నా ఇంట్లో వాన ఏనాడూ తలుపు తట్టలేదు. వంటింటి కప్పు కారేది. మూడు గిన్నెలు పెట్టి, అవి నిండినప్పుడల్లా నేనే లేచి పారబోసేదాన్ని. అది మాత్రం రాయలేదు.

జూన్ 28, మంగళవారం

లూసీలా ఫోను ఎత్తడం లేదు. లెయాంద్రోకి చేశాను. వచ్చాడు. కాగితం సంచిలో బిస్కోచోలు తెచ్చాడు, మర్యాద తెలిసినవాడిలా.

"దొంగ అన్నాను" అన్నాను.

"అన్నారండీ. సిగ్గు కూడా లేదన్నారు."

"ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అట్ట గురించి అన్నవి తీసుకోను."

"అక్కర్లేదండీ. అట్ట గురించి నాకు అలవాటైపోయింది."

మాతే పోశాను. రెండు గుక్కలయ్యాక చెప్పాను. "నీ అట్ట ముట్టుకోను. నీ కొలను నీదే. కానీ పుస్తకాల్లో తప్పు దొర్లితే, అచ్చయ్యాక తెలిస్తే, లోపల ఒక చిన్న కాగితం పెడతారు. తప్పొప్పుల పట్టిక. ఎక్కడ ఏముందో, ఏముండాలో. అది పెట్టనిస్తావా?"

అతని మొహం వెలిగిపోయింది. అదీ నాకు నచ్చలేదు. గళ్ల కాగితం వాడదాం, టైపు మిషన్ మీద కొడదాం, అంచు చేత్తో చింపుదాం అని మొదలుపెట్టాడు.

"అంచు కత్తెరతో కోస్తాం. పేర్లకి పెద్దక్షరాలు. వాక్యం చివర చుక్క."

"చుక్క కూడానా?"

"చుక్క కూడా."

వెళ్తూ గుమ్మంలో ఆగాడు. "లూసీలా ఏడుస్తోంది దోన్యా నెలిదా. కోపం కాదు. ఆ పాట పాడాలంటే గొంతు రావడం లేదు. కార్యక్రమంలో తీసేద్దామంటోంది."

తీసేద్దామట. అందరికీ ఆ ఒక్క పనే చేతనవుతుంది.

జూలై 2, శనివారం

మొదటిది: "రెండో వైపు మూడో పాట: మాటలు, బాణీ ఇవోన్ సరసోలా బిదెగాయిన్. అచ్చుతప్పు వల్ల ఈ పేరు 1988 నుంచి కనిపించలేదు."

కొట్టేశాను. ఫిగెరేదో ఒక్క అక్షరం కూడా తప్పు పేర్చలేదు. పోయినవాడి మీద తప్పు వెయ్యడం నీచం.

రెండోది: "పొరపాటున." కొట్టేశాను.

మూడోది: "ఆనాటి పరిస్థితుల వల్ల." ఎంత చక్కగా ఉంది. నా కళ్లే మెచ్చుకున్నాయి. కొట్టేశాను.

జూలై 3, ఆదివారం

నాలుగోది: "ప్రూఫు దిద్దినవారు ఈ పేరు తొలగించారు."

ఇది నిజం. ఇదే పంపిస్తాను.

జూలై 5, మంగళవారం

లూసీలా వచ్చింది. లెయాంద్రో కాగితం చూపించాడట. కోటు విప్పింది, అది గమనించాను. బల్ల దగ్గర కూర్చుని మళ్లీ చదివింది.

"ఒక మాట తక్కువైంది" అంది.

"ఏం తక్కువైంది? అన్నీ ఉన్నాయి. పేరు, వైపు, పాట, ఏడాది."

"ప్రూఫు దిద్దినవారు ఎవరు అమ్మమ్మా? ఎవరో పరాయి మనిషి తీసేసినట్టుంది ఇది. దీని పక్కన కూడా ఖాళీ వదిలావు."

కోపం వచ్చింది. చాలా వచ్చింది. ఇరవై మూడేళ్ల పిల్ల నాకు వాక్యం నేర్పడమా అనుకున్నాను. ఆ కోపంతోనే వంటింట్లోకి వెళ్లి, అక్కర్లేకపోయినా గిన్నె కడిగి, తిరిగి వచ్చి కూర్చున్నాను.

"చెప్పు, ఏం రాయమంటావు?"

"నేను చెప్పను. నువ్వే రాయి."

రాశాను. ఆమె చదివి, నా పక్కకి కుర్చీ జరుపుకుంది. ఆ తర్వాత చాలాసేపటికి అడిగింది, "కప్పు నిజంగా కారేదా?" నేను ఎప్పుడు చెప్పానో గుర్తులేదు. బహుశా గిన్నె కడుగుతూ పైకే అని ఉంటాను.

"కారేది. మూడు చోట్ల."

"అమ్మకి తెలుసా?"

"దాన్ని లేపేదాన్ని కాదు" అన్నాను.

జూలై 8, శుక్రవారం

లూసీలా సంచి తెచ్చుకుంది. రాత్రి భోజనానికి కూరలో ఉప్పు ఎక్కువైందంది. ఎక్కువ కాలేదు.

జూలై 13, బుధవారం

కాగితాలు వచ్చాయి, తెల్ల కాగితం, కత్తెర అంచు, చుక్కలన్నీ ఉన్నాయి. లెయాంద్రో ఒక్క చోట చెయ్యి పెట్టాడు: చుట్టూ ఖాళీ ఎక్కువ వదిలాడు. చూడగా చూడగా పర్వాలేదనిపించింది. అతనికి చెప్పలేదు.

పాఠం ఇది:

"తప్పొప్పులు. రెండో వైపు మూడో పాట. మాటలు, బాణీ: ఇవోన్ సరసోలా బిదెగాయిన్ (1967–2001). 1988 నాటి క్యాసెట్ మీద ఈ పేరు అచ్చు కాలేదు. అది అచ్చుతప్పు కాదు. ఆ పాటలో ఉన్న ఇల్లు నాది. కోపంతో ఆమె తల్లి, అంటే నేను, ఈ పేరు కొట్టేశాను."

"కింద ఎవరో తెలియాలి కదా" అంది లూసీలా. "అచ్చులో వేయించనా?"

"అక్కర్లేదు. కలం ఇలా ఇవ్వు."

రేపు మధ్యాహ్నానికల్లా రికార్డులు అట్టల్లోకి ఎక్కాలి. శుక్రవారం ఆ పాట పాడతానని లూసీలా ఇంకా అనలేదు. పాడనని కూడా అనలేదు. ఇవాళ పక్కనే కూర్చుని నేను సంతకం చేసిన ఒక్కో కాగితాన్నీ ఒక్కో అట్టలోకి దూర్చింది. గొంతులో ఏదో కూనిరాగం ఉంది, మధ్యలో ఆగి మళ్లీ మొదలయ్యేది. నేను తల ఎత్తలేదు. ఎత్తితే ఆపేస్తుంది.

నెలిదా బిదెగాయిన్. ప్రతిసారీ పూర్తిగా రాశాను. పొడి అక్షరాలు వెయ్యలేదు. ఆ ఇంటిపేరు క్యాసెట్ మీద ఉండకూడదనే కదా ఆనాడు గీత గీశాను. ఇప్పుడు ఒక్కో కాగితం మీద రెండుసార్లు ఉంది, ఒకటి అచ్చులో, ఒకటి సిరాలో.

రెండు వందలు దాటాక వేళ్లు వంకర్లు పోయాయి. మిగతావి రేపు చెయ్యొచ్చుగా అంది లూసీలా. కాగితం జరపమన్నాను.